చెవి ఆపరేషన్లో మొహం నరం, రుచి నరం: కావలి నుంచి చెన్నై దాకా నా అనుభవం

2025 జూన్ 18న నా కుడి చెవికి కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ అయింది, అంటే లోపలి చెవిలోకి సన్నటి తీగ పంపి, కరెంటుతో వినపడే నరానికి నేరుగా శబ్దం అందించే పరికరం పెట్టడం. ఇది రాసేటప్పటికి అదే ఏడాది నవంబర్ నడుస్తా ఉంది. ఆపరేషన్‌కి ముందు నన్ను నిద్రపోనీకుండా చేసింది ఒకటే భయం, మూతి వంకర పోద్దేమో అని. చెవిలో వినపడే నరం పక్కనే మొహాన్ని కదిలించే నరం ఉంటదని, దానికి దెబ్బ తగిలితే సగం మొహం పడిపోద్దని అందరూ చెప్పేవాళ్ళే గానీ ఆ నరాన్ని ఎట్టా కాపాడతారో, మనం ఏం అడగాలో, తర్వాత ఏమేం అవుద్దో చెప్పినోళ్ళు ఒక్కరు లేరు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

నాకు 47 ఏళ్ళు, కావలి ట్రంకు రోడ్డు దగ్గర బ్లౌజులు కుట్టే షాపు ఉంది. చిన్నోడు పుట్టాక వినికిడి తగ్గడం మొదలయింది, మా అమ్మకి కూడా ఇట్టాగే అయింది. ఓటోస్క్లెరోసిస్ అన్నారు, చెవి లోపలి ఎముక గట్టిదనం పోయి బోలుగా అయి మళ్ళీ తప్పుగా పెరిగే జబ్బు. వినికిడి మిషన్లు పెట్టుకుని పదేళ్ళ పైన లాక్కొచ్చా. పోయిన ఏడు నుంచి మిషన్ పెట్టుకున్నా శబ్దమే తప్ప మాట లేదు. కస్టమర్ "మెడ డీప్ వొద్దక్కా" అంటే నేను డీప్ పెట్టి కుట్టిన రోజులున్నాయి. ఫోన్ ఎత్తడం మానేశా. పెళ్ళిళ్ళకి పోవడం మానేశా, పోయినా అందరూ నవ్వినప్పుడు నవ్వడం, వాళ్ళు ఆపినప్పుడు ఆపడం.

జనవరి చివర్లో నెల్లూరులో ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) తీయిస్తే ఆయన కాగితం చూసి ఇక మిషన్లతో పని కాదమ్మా, ఇంప్లాంట్ గురించి చెన్నైలో ఒకసారి మాట్లాడండి అని రాసిచ్చారు. ఫిబ్రవరి 11న మా ఆయనా నేనూ పొద్దున్నే కావలిలో పినాకిని రైలు ఎక్కి మధ్యాహ్నానికి సెంట్రల్లో దిగాం. ఇక ఆ సాయంత్రం దాకా పరీక్షలే. గ్లాసు గదిలో కూర్చోబెట్టి మిషన్ పెట్టి మాటలు చెప్పించడం ఉంటది, అది చాలా బాధగా ఉంటది ముందే చెప్తున్నా, తెలుగు మాటలే, చిన్న చిన్న మాటలు, ఒక్కటి కూడా పట్టలేకపోయా. బయటికి వొచ్చి ఏడ్చేశా. పరీక్ష చేసిన అమ్మాయి నా చెయ్యి పట్టుకుని పేపర్ మీద రాసింది, ఈ మార్కులు తక్కువ వొస్తేనే మీకు ఇంప్లాంట్ పనికొస్తదని అర్థం ఆంటీ, బాధపడొద్దు అని.

తర్వాత సీటీ స్కాన్, ఎంఆర్ఐ. సీటీ చెవి వెనకాల ఎముకకి, అందులోనే మొహం నరం పోయే దారి కూడా కనపడద్ది. ఎంఆర్ఐ వినపడే నరం ఉందా, కాక్లియాలో, అంటే లోపలి చెవిలో నత్త గుల్లలాగా ఉండే భాగంలో, నీళ్ళు ఉన్నాయా చూడ్డానికి. రెండూ కలిపి 13 వేల దాకా అయింది. ఎంఆర్ఐకి నాలుగు రోజుల తర్వాత డేట్ ఇచ్చారు, అంతదాకా చెన్నైలో రూమ్ తీసుకుని ఉండలేక వెనక్కి వొచ్చేశాం. దూరం నుంచి పోయేవాళ్ళు ముందే ఫోన్ చేసి రెండు స్కాన్లూ ఒక్క రోజే అయ్యేటట్టు చూసుకోండి.

మార్చిలో రిపోర్టులు చూపించడానికి పోయినప్పుడు మా పెద్దోడు బెంగళూరు నుంచి నేరుగా అక్కడికి వొచ్చాడు. వాడు సాఫ్ట్‌వేర్, అన్నీ ముందే చదువుకుని వొచ్చాడు. వాడి బుర్రలో ఒకటే ఉంది, రోబోట్. స్విట్జర్లాండ్‌లో బెర్న్ అనే ఊళ్ళో రోబోట్‌తో ఈ ఆపరేషన్ చేశారంట, 2017లో దాని మీద పేపర్ వొచ్చిందంట, మనిషి చెయ్యి వణకొచ్చు గానీ రోబోట్ వణకదు కదా, అమ్మకి అట్టాంటిదే కావాలి అని పట్టుబట్టాడు. అప్పుగా తెచ్చైనా సరే, ఏడాది ఆగైనా సరే అని.

డాక్టర్ గారు తెలుగు బాగా మాట్లాడతారు. నాకు వినపడదు కాబట్టి ఆయన మాట్లాడేది ఫోన్‌లో అక్షరాలుగా పడే యాప్ పెట్టి నా ముందు పెట్టాడు మావోడు, ఆయన కూడా ఓపిగ్గా పేపర్ మీద బొమ్మ గీసి చూపించారు. ఆ బొమ్మ ఇప్పటికీ నా బ్యాగులో ఉంది. చెవి వెనకాల ఎముకని డ్రిల్ చేసుకుంటా లోపలికి పోవాలి. కాక్లియా దగ్గరికి చేరాలంటే రెండు నరాల మధ్య సందులోంచి పోవాలి. ఒకటి మొహం నరం, ఎముకలో సన్నటి గొట్టంలో పైనుంచి కిందికి దిగుద్ది. రెండోది దాంట్లోంచే చీలి పైకి వొచ్చే సన్నటి నరం, అది నాలికకి పోద్ది, నాలిక ముందు భాగానికి రుచి ఇచ్చేది అదే. ఈ రెండిటి మధ్య సందు 2, 3 మిల్లీమీటర్లే ఉంటది చాలామందికి. ఆ సందులోంచే డ్రిల్లు పోవాలి, అందులోంచే ఎలక్ట్రోడ్, అంటే కాక్లియాలోకి పోయే ఆ సన్నటి తీగ, పోవాలి. నాకు అది చూడంగానే రవిక కుట్టు విప్పేటప్పుడు బ్లేడు బట్టకి తగలకుండా దారాన్ని మాత్రమే కోసే పని గుర్తొచ్చింది, ఆ పని ఎంత ఊపిరి బిగబట్టి చేస్తామో మాకు తెలుసు.

రోబోట్ ఏం చేస్తదో కూడా ఆయనే చెప్పారు, మావోడు అనుకున్నంత సులువుగా లేదు అది. ముందు చెవి వెనకాల ఎముకలో చిన్న చిన్న స్క్రూలు దిగ్గొడతారంట, అవి గుర్తులు. వాటితో సీటీ తీసి కంప్యూటర్లో నరాలు ఎక్కడున్నాయో గీసుకుని, పైనుంచి కాక్లియా దాకా ఒకటే తిన్నని దారి ప్లాన్ చేస్తారు. 1.8 మిల్లీమీటర్ల డ్రిల్లుతో రోబోట్ చెయ్యి ఆ దారిలోనే పోద్ది. నరం దగ్గరికి రాకముందే ఆగుద్ది, అప్పుడు మళ్ళీ స్కాన్ తీసి ప్లాన్ ప్రకారమే పోతున్నామా లేదా చూస్తారు. నరాన్ని దాటేటప్పుడు కూడా కొద్ది కొద్దిగా పోతా, ఆ బొక్కలోకి సన్నటి కడ్డీ పెట్టి కొంచెం కరెంటు ఇచ్చి మొహం కండరం కదులుద్దా అని టెస్ట్ చేస్తారు. చాలినంత దూరం లేదని తేలితే రోబోట్‌ని పక్కన పెట్టి చేత్తో మామూలుగా చేస్తారు. అంతా బాగుండి దారి పడినా, బెర్న్‌లో ఆ మొదటి ఆపరేషన్లలో ఎలక్ట్రోడ్‌ని లోపలికి తోసింది మాత్రం సర్జన్ చెయ్యే. ఎలక్ట్రోడ్‌ని సెకనుకి మిల్లీమీటరు లోపు వేగంతో నిదానంగా తోసే మిషన్లు వేరే ఉన్నాయంట, ఫ్రాన్సులో ఒకటి, అమెరికాలో ఒకటి, ఆ అమెరికాదానికి 2021లో అక్కడి ప్రభుత్వం పర్మిషన్ ఇచ్చిందంట. తమ దగ్గర ఇవేవీ లేవని ఆయన దాచకుండా చెప్పారు.

మావోడి మొహం చిన్నబోయింది. నేను అప్పుడు ఒకటే అడిగా. రోబోట్ లేకపోతే లేదు సార్, మీ చేతిలో డ్రిల్లు ఆ నరం దగ్గరికి వొచ్చిందని మీకెట్టా తెలుస్తది?

ఆయన కుర్చీలోంచి లేచి పక్క గదిలోంచి ఒక ఫోటో తెచ్చి చూపించారు. ఆపరేషన్ టైములో కంటి దగ్గర కండరంలో, పెదవి దగ్గర కండరంలో సన్నటి సూదులు గుచ్చి ఒక మానిటర్‌కి కలుపుతారంట. మొహం నరాన్ని డ్రిల్లు కొంచెం కదిలించినా ఆ కండరాలు చిన్నగా అదురుతాయి, మనకి కనపడకపోయినా మానిటర్‌లో గీత లేస్తది, శబ్దం వొస్తది. అనుమానం వొచ్చిన చోట సన్నటి కడ్డీతో కొంచెం కరెంటు ఇచ్చి చూస్తారు, ఎంత తక్కువ కరెంటుకి కండరం కదిలితే నరం అంత దగ్గర ఉన్నట్టు. ఇంకోటి, డ్రిల్లు వేడికి కూడా నరం దెబ్బతింటది, అందుకే వజ్రప్పొడి ఉండే బర్ (డ్రిల్లు కొన) వాడి నీళ్ళు పోస్తానే ఉంటారు. రోబోట్‌లో అయినా నా చేతిలో అయినా నరానికి కాపలా కాసేది ఇవేనమ్మా, ముందుగా స్కాన్లో దారి తెలుసుకోవడం, కరెంటుతో అడగడం, వేడెక్కకుండా చూడటం, అన్నారాయన. ఏడాది ఆగితే ఏమవుద్ది అని అడిగాడు మావోడు. ఈ జబ్బులో ఎముక పెరిగి కాక్లియా లోపల దారి మూసుకుపోయే అవకాశం ఉంది, మీ అమ్మగారికి గుండ్రటి కిటికీ దగ్గర, అంటే కాక్లియాలోకి పోయే చిన్న రంధ్రం దగ్గర, ఇప్పటికే కొంచెం మూసుకుంది సీటీలో చూడండి అని చూపించారు.

బయటికి వొచ్చాక మావోడు ఒక అరగంట ఏం మాట్లాడలా. కాఫీ తాగి, సరేమా, నీకు నమ్మకం కలిగిందా అని టైప్ చేసి చూపించాడు. కలిగింది అన్నా. రోబోట్ ఉందా లేదా అనేది నా ప్రశ్న కాదు, ఆ నరం ఎక్కడుందో ప్రతి క్షణం వాళ్ళకి తెలుస్తదా లేదా అనేదే నాకు కావాల్సింది, దానికి సూటిగా జవాబు చెప్పిన మనిషి దగ్గర పడుకోవడానికి నాకు ధైర్యం వొచ్చింది. మీరు ఏ ఊళ్ళో చేయించుకున్నా ఈ ప్రశ్న అడగండి.

ఇక డబ్బులు. ఇంప్లాంటు, పైన పెట్టుకునే ప్రాసెసరు, ఆపరేషను కలిపి తొమ్మిదిన్నర లక్షలు చెప్పారు, మేం తీసుకున్నది ఆ కంపెనీలో ఖరీదైనది కాదు. ప్రభుత్వ స్కీములో చిన్నపిల్లలకే, నా వయసుకి రాదన్నారు. మాకు ఇన్సూరెన్స్ లేదు. రెండు లక్షల చీటీ మేలో పాడుకున్నాం, బంగారం బ్యాంకులో పెట్టి నాలుగు లక్షలు, మిగిలింది మావోడు, మా తమ్ముడు. అందుకే మార్చిలో సరేనన్న ఆపరేషన్ జూన్ దాకా ఆగింది. ఈ మధ్యలో న్యుమోనియా, మెదడు పొరల వాపు (మెనింజైటిస్) రాకుండా టీకా వేయించుకోమన్నారు, ఆపరేషన్‌కి కనీసం రెండు వారాల ముందు వేసుకోవాలంట. నెల్లూరులో వేయించుకున్నా, 4 వేల దాకా అయింది. ఇది ఎస్టిమేట్‌లో రాయరు.

జూన్ 17 మంగళవారం అడ్మిషన్. మంగళవారం ఏందని మా అత్తమ్మ గొడవ, ఆపరేషన్ బుధవారమే కదా అత్తమ్మా అని సర్దిచెప్పా. ఆ సాయంత్రం ఒక జూనియర్ డాక్టరమ్మ వొచ్చి నా మొహం వీడియో తీసుకుంది. నవ్వమంది, పళ్ళు చూపించమంది, కళ్ళు గట్టిగా మూయమంది, కనుబొమ్మలు ఎత్తమంది, బుగ్గలు ఉబ్బించమంది. ఆపరేషన్‌కి ముందు ఎట్టా ఉందో రికార్డు ఉండాలంట. మా కోడలు కూడా తన ఫోన్‌లో అదే తీసింది, అది తర్వాత ఎంత పనికొచ్చిందో చెప్తా.

మత్తు డాక్టర్ కూడా వొచ్చారు. మామూలు ఆపరేషన్లలో కండరాలు కదలకుండా ఇచ్చే మందు ఇందులో ఎక్కువసేపు పనిచేసేది ఇవ్వరంట, గొంతులో గొట్టం వేసేటప్పటికి కొంచెంసేపే పనిచేసేది ఇస్తారు, ఎందుకంటే కండరాలు చచ్చుబడి ఉంటే మానిటర్ ఏం చెప్పలేదు. మరి మధ్యలో నేను కదిలితే అని అడిగా. రక్తనాళంలోకి ఎక్కించే మత్తుతోనే లోతుగా నిద్రపుచ్చుతాం, మీకు ఏమీ తెలియదు అన్నారు. ముక్కుపుడక తీయమన్నారు, ఇరవై ఏళ్ళుగా తీయనిది, నర్సమ్మ నూనె రాసి తిప్పితే గానీ రాలా. ఇంటి దగ్గరే కంసాలి చేత తీయించుకుని పోండి. జుట్టు మొత్తం తీయరు, చెవి వెనకాల రెండు వేళ్ళ వెడల్పు గీస్తారంతే.

అసలు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. ఆపరేషన్ థియేటర్లోకి మిషన్లు తీసేసి పంపుతారు, కళ్ళజోడు కూడా తీసేస్తారు. అంటే మెలకువ వొచ్చాక ఎవరేం చెప్పినా నాకు వినపడదు, కనపడదు. అక్కడ నర్సులు ఎక్కువమంది తమిళం వాళ్ళు. మా కోడలికి ఇది తట్టి ముందు రోజు రాత్రి డ్రాయింగ్ అట్టల మీద నల్ల స్కెచ్ పెన్నుతో పెద్ద పెద్ద తెలుగు అక్షరాల్లో రాసింది, "ఆపరేషన్ అయిపోయింది", "పళ్ళు చూపించండి", "కళ్ళు గట్టిగా మూయండి", "నొప్పి ఉందా", "వాంతి వస్తుందా". వెనకాల ఇంగ్లీషులో అదే మాట రాసి నర్సులకి ఇచ్చింది. వినపడని వాళ్ళని ఆపరేషన్‌కి తీసుకుపోయే ప్రతి ఇంట్లో ఇది చేయాలి, ఖర్చు 40 రూపాయలు.

18వ తేదీ పొద్దున ఎనిమిదింటికి తీసుకుపోయారు. నాకు గుర్తున్నది ఆ లైట్లు, చల్లదనం, ఎవరో నా నుదురు మీద చెయ్యి పెట్టడం. తర్వాత నాకు కనపడింది అట్ట. కళ్ళు మసగ్గా ఉన్నా ఆ నల్ల అక్షరాలు చదవగలిగా. పళ్ళు చూపించా. కళ్ళు మూశా. నర్సమ్మ బొటనవేలు పైకెత్తి చూపించింది. అప్పుడు నొప్పి ఉంది, గొంతు మంట ఉంది, తల తిరుగుతా ఉంది, కానీ నాకు పట్టినట్టే లేదు, నా మూతి బాగుంది అదొక్కటే. లోపల మూడున్నర గంటలు పట్టిందంట. గుండ్రటి కిటికీ దగ్గర పెరిగిన ఎముక కొంచెం తీయాల్సి వొచ్చిందని, ఎలక్ట్రోడ్ మొత్తం లోపలికి పోయిందని, అక్కడే టెస్ట్ చేస్తే వినపడే నరం స్పందించిందని బయట మా వాళ్ళకి చెప్పారు. మానిటర్ ఒకే ఒక్కసారి మోగిందంట, అక్కడ ఆగి నీళ్ళు పోసి పక్కకి జరిగి పోయామన్నారు. ఆ ఒక్కసారి మోగడం గురించి నేను ఇప్పటికీ ఆలోచిస్తా.

అద్దంలో చూసుకుంటే కనుబొమ్మ కింద, పెదవి పక్కన చిన్న చిన్న నల్లటి మచ్చలు. భయపడ్డా, ఏం కాదు, మానిటర్ సూదులు గుచ్చిన చోట రక్తం గడ్డకట్టింది అంతే, వారంలో పోయాయి. బిల్లులో ఆ సూదులకి, మానిటర్‌కి వేరేగా 12 వేలు వేశారు. అది ప్యాకేజీలో ఉందనుకున్నాం, లేదు. కానీ అన్ని ఖర్చుల్లో నేను బాధపడకుండా ఇచ్చిన డబ్బు అదే.

తలకి పెద్ద కట్టు, దాని మీద కళ్ళజోడు ఆగదు. కావలికి వొచ్చినా ఫోన్ చదవలేక, వినలేక వారం నరకం. పాత కళ్ళజోడు ఒకటి కుడిపక్క కాడ విరిచేసి ఎడమ చెవి మీద, ముక్కు మీద ఆనేటట్టు గుడ్డ పట్టీతో కట్టుకున్నా. 20న డిశ్చార్జ్ చేశారు. రైలు వొద్దు కుదుపులకి తల తిరుగుద్ది అని కారు మాట్లాడుకున్నాం, 6 వేలు. నాయుడుపేట దాటేదాకా కళ్ళు మూసుకునే ఉన్నా.

ఆరోరోజు పొద్దున పళ్ళు తోముకుని నీళ్ళు పుక్కిలిస్తుంటే కుడిపక్క పెదవి మూలనుంచి నీళ్ళు కారినట్టు అనిపించింది. గుండె ఆగిపోయింది. ఆపరేషన్ అయిన రోజు బాగుండి, కొన్ని రోజుల తర్వాత వాపు వల్ల మొహం బలహీనపడటం కూడా కొందరికి ఉంటదని, వెంటనే ఫోన్ చేయాలని డిశ్చార్జ్ పేపర్లోనే ఉంది. మా కోడలు అప్పటికప్పుడు వీడియో తీసి డాక్టర్ గారికి పంపింది, ఆపరేషన్‌కి ముందు రోజు తీసిన పాత వీడియో కూడా పక్కన పెట్టి పంపింది. గంటలోపే జవాబు. రెండు వీడియోలూ ఒకటే, మీ అమ్మగారి నవ్వు మొదటి నుంచీ ఎడమ పక్కకే కొంచెం ఎక్కువ లేస్తది, కన్ను పూర్తిగా మూసుకుంటా ఉంది, బలహీనత లేదు, రేపు మళ్ళీ పంపండి అని. నలభై ఏడేళ్ళు అద్దంలో చూసుకున్న నా నవ్వు ఒకపక్కకి లేస్తదని నాకే తెలియదు. ఆ పాత వీడియో లేకపోతే ఆ రోజు మళ్ళీ చెన్నై పరిగెత్తేవాళ్ళం, దారంతా ఏడ్చుకుంటా. ఆ వారమంతా రోజూ వీడియో పంపించాం, ఏమీ కాలా.

ఇక రెండో నరం, రుచిది. దీని గురించి బొమ్మ గీసినప్పుడు డాక్టర్ గారు చెప్పారు, పక్కకి జరుపుతాం, కొంచెం సాగుద్ది, కొన్నాళ్ళు రుచి తేడా ఉండొచ్చు అని. అప్పుడు నా ప్రాణం మూతి మీదుంది, రుచి ఎవరిక్కావాలి అనుకున్నా. ఇంటికి వొచ్చిన రెండోరోజు మా చెల్లెలు కొరమీను పులుసు మామిడికాయ వేసి పెట్టుకొచ్చింది. నోట్లో పెట్టుకుంటే కుడిపక్కంతా ఇనుము. పులుపు లేదు కారం లేదు, ఇనుము రుచి, నాలిక చివర తిమ్మిరి. ఎడమపక్కకి తోసుకుని తింటే పులుసు పులుసులాగా ఉంది. కాఫీ అయితే అసలు తాగలేకపోయా, మజ్జిగన్నం ఒక్కటే సహించింది. నెల్లూరు వాళ్ళకి చేపల పులుసు రుచి తెలియకపోతే ఎట్టా ఉంటదో నేను చెప్పక్కర్లా. వంటలో ఉప్పు చూడటం మానేసి మా ఆయన్ని పిలిచి చూడమనేదాన్ని. చెకప్‌లో చెప్తే నరం తెగలేదు, సాగింది, నెలల్లో తగ్గుద్ది అన్నారు. జూలైలో ఇనుము రుచి తగ్గింది, ఆగస్టు చివరికి తీపి తెలిసింది, ఇప్పుడు పదికి తొమ్మిది పాళ్ళు వొచ్చేసింది. మీ వాళ్ళకి ఆపరేషన్ అయితే ఈ సంగతి ముందే చెప్పండి, తినడం లేదని తిట్టొద్దు, బరువు తగ్గితే గాబరా పడొద్దు.

జూలై 10న స్విచ్ ఆన్, అంటే పైన ప్రాసెసర్ పెట్టి ఇంప్లాంట్‌ని మొదటిసారి పనిచేయించడం. మూడు వారాలు కుడి చెవి పూర్తి నిశ్శబ్దం, ఆ నిశ్శబ్దంలో ఆపరేషన్ చెడిపోయిందేమో అనిపిస్తది, చెడిపోదు, గాయం మానాలి. ఆడియాలజిస్ట్ (వినికిడి నిపుణురాలు) కంప్యూటర్ నుంచి ఒక్కో ఎలక్ట్రోడ్‌కి కరెంటు ఇస్తా పోయింది, లోపలికి పోయిన తీగ మీద వరసగా ఉండే చుక్కల్లాంటి వాటిని కూడా ఒక్కోదాన్ని ఎలక్ట్రోడ్ అనే అంటారు. మొదట శబ్దం అంటే కీచుమనే గీతలు. అట్టా మధ్యలో ఉండే ఎలక్ట్రోడ్ల దగ్గరికి వొచ్చేసరికి శబ్దంతో పాటు నా కుడికన్ను కొట్టుకుంది. నేను అదిరిపోయా. మళ్ళీ ఇచ్చింది, మళ్ళీ కొట్టుకుంది, పెదవి మూల కూడా లాగింది. ఆపరేషన్లో కాపాడిన నరం ఇప్పుడేమైంది అని నాకు చెమటలు.

ఆమె ఏం తొట్రుపడలా. ఓటోస్క్లెరోసిస్ వాళ్ళలో ఇది ఎక్కువగా ఉంటదంట, ఎముక బోలుగా ఉండేసరికి కాక్లియా లోపల ఇచ్చే కరెంటు బయటికి కారి పక్కన పోయే మొహం నరానికి తగులుద్ది. నరానికి దెబ్బ ఏం కాదు, కానీ మాటిమాటికి కన్ను కొట్టుకుంటా ఉంటే ఎవరూ భరించలేరు. రెండు ఎలక్ట్రోడ్లు ఆపేసింది, ఇంకో మూడింటికి పల్స్ వెడల్పు పెంచి కరెంటు ఎత్తు తగ్గించింది, అంటే ఒక్కో కరెంటు తాకిడి ఉండే సేపు పెంచి దాని బలం తగ్గించడం. దానికే గంటన్నర పట్టింది. ఎలక్ట్రోడ్లు ఆపేస్తే వినపడటం తగ్గుద్దా అని అడిగా, మిగతావి చాలు, ఆ శబ్దాలు పక్కవాటికి పంచుతాం అంది. ఇంటికి వొచ్చాక కూడా కుక్కర్ విజిల్‌కి, బస్సు హారన్‌కి ఒకసారి కన్ను లాగేది. రాసుకోమంది ఏ శబ్దానికి లాగుద్దో. నేను షాపు బిల్లుల పుస్తకం వెనక రాసుకుని ఆగస్టులో తీసుకుపోయా, మళ్ళీ సరిచేసింది. ఆ చీటీ లేకుండా పోయి ఉంటే ఊరికే "అప్పుడప్పుడు కొట్టుకుంటా ఉంది" అని చెప్పేదాన్ని, దాంతో ఆమె ఏం చేయగలదు.

వినపడటం సంగతి కూడా రాయాలి. మొదటి రెండు వారాలు అందరి గొంతూ ఒకటే, రేకు డబ్బాలోంచి వొచ్చినట్టు, మా ఆయన గొంతా మావోడి గొంతా తెలియదు. రోజూ సాయంత్రం మా కోడలు నోరు మూసుకుని, అంటే చేత్తో నోటిని కప్పుకుని, కూరగాయల పేర్లు చదివేది, నేను తిరిగి చెప్పేదాన్ని. సెప్టెంబర్ మధ్యలో షాపులో కస్టమర్ వెనక నుంచి "అక్కా, చేతులు మోచేతి దాకా" అంది, నేను తిరక్కుండానే సరే అన్నా. అన్నాక గానీ తెలియలా నేను విన్నానని. కత్తెర కింద పెట్టి కాసేపు కూర్చుండిపోయా. ఫోన్లో మాట్లాడటం ఇంకా కష్టమే, పెళ్ళి మండపంలో ఇంకా ఏం అర్థం కాదు, ఇంప్లాంట్ పెట్టగానే పాత చెవి వొచ్చేస్తదని ఎవరైనా చెప్తే నమ్మొద్దు.

ఇంకో చిన్న నరం ఉంది, దాని గురించి అయితే అసలెవరూ చెప్పరు. చెవి వెనక కోసినందుకు చెవి డొప్ప పైభాగం తిమ్మిరిగా ఉంది నాకు, ఇప్పటికీ. చర్మానికి పోయే సన్నటి నరాలు కోతలో తెగుతాయంట, నెమ్మదిగా వొస్తదన్నారు. దువ్వెన తగిలినా తెలియదు, ప్రాసెసర్ గట్టిగా నొక్కుకుని చర్మం ఎర్రబడినా తెలియదు. అందుకే రోజూ రాత్రి ప్రాసెసర్‌ని తలకి అంటించి ఉంచే అయస్కాంతం తీసినప్పుడు ఆ చోటు ఎట్టా ఉందో మా ఆయన టార్చ్ వేసి చూస్తారు. ఒకసారి ఎర్రగా ఉంటే అయస్కాంతం బలం తగ్గించి ఇచ్చారు. ఇంప్లాంట్ కార్డు ఒకటి ఇస్తారు, అది పర్సులోనే ఉంచుకుంటున్నా, రేపు వేరే ఏ ఆపరేషన్‌కి పోయినా, స్కాన్‌కి పోయినా ముందు అది చూపించాలి.

నవంబర్ మొదటివారం మ్యాపింగ్‌కి, అంటే ఎలక్ట్రోడ్ల కరెంటు సరిచేయించుకోడానికి, పోయొచ్చాం. కన్ను కొట్టుకోవడం ఇప్పుడు లేదు. ఫిబ్రవరిలో మళ్ళీ రమ్మన్నారు, ఆపేసిన రెండు ఎలక్ట్రోడ్లలో ఒకదాన్ని తక్కువ కరెంటుతో ఆన్ చేసి చూస్తామన్నారు. ఎముక మారుతా ఉండే జబ్బు కాబట్టి ఈ కన్ను సంగతి ఎప్పటికప్పుడు చూసుకోవాలంట. చూడండి, కానీ కొట్టుకుంటే వెంటనే ఆపేయండి అని చెప్పి వొచ్చా.